గాజుపై గీత – ఎండలో చిత్రం



సిల్వర్ లవణాలపై ఎండ పడితే నల్లబడతాయని పదో తరగతిలో మనమంతా బట్టీ పట్టాం. పరీక్ష రాశాం, మరిచిపోయాం. పి.జి.లో చిత్రకళా చరిత్ర చదివేటప్పుడు అదే పాఠం మాకు మళ్లీ ఎదురైంది. ఈసారి చెట్ల రూపంలో!

ఆ చిత్రం పేరు ‘చిన్న కాపరి’. 1855లో ఫ్రెంచి చిత్రకారుడు కామీ కొరో చేసిన ప్రకృతి దృశ్యం. గాలికి ఊగుతున్నట్లుండే చెట్ల ముందు మనిషి ఎంతో చిన్నగా కనిపిస్తాడు. ఇది కుంచెతో వేసిన బొమ్మ కాదు. కెమెరాతో తీసిన ఫోటో కూడా కాదు. ఈ పద్ధతిని ‘క్లిషే-వేర్’ అంటారు. అంటే గాజు నెగెటివ్.

ఎలా చేస్తారు? ముందుగా గాజు పలకకు వెలుతురు చొరని పూత పూస్తారు. దానిపై సూదిమొనతో బొమ్మ గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి గాజు బయటపడుతుంది. సిల్వర్ లవణం పట్టించిన కాగితంపై ఆ పలకనుంచి ఎండలో పెడతారు. గీతల గుండా దిగిన వెలుగు కాగితాన్ని నల్లబరుస్తుంది. పూత ఉన్నచోటు తెల్లగానే మిగులుతుంది. తర్వాత హైపోతో కడిగితే బొమ్మ నిలుస్తుంది.

గీసిన వైపు కాగితానికి ఆనిస్తే గీత పదునుగా వస్తుంది. పలకను తిరగేస్తే గాజు మందం అడ్డువచ్చి వెలుగు చెదురుతుంది. గీత మెత్తబడుతుంది, బొమ్మ కుడిఎడమలు మారుతుంది. రాగిరేకు, యాసిడ్, అచ్చుయంత్రం ఏవీ అక్కర్లేదు. ఒకే పలక నుంచి ఎన్నో ప్రతులు తీయవచ్చు.

కొరో 1796లో పుట్టాడు. 1853లో అరాస్ పట్టణంలో స్నేహితుల దగ్గర ఈ పద్ధతి తెలుసుకున్నాడు. అప్పటికే పేరున్న చిత్రకారుడు. అయినా కొత్త విద్యార్థిలా సూది పట్టి, 1875లో కన్నుమూసేలోగా అరవైకి పైగా ఇలాంటి చిత్రాలు చేశాడు. దోబిన్యీ, మిల్లే కూడా ఈ పద్ధతిని ప్రయత్నించారు. 1921లో పారిస్‌లో వీరి పాత పలకల్లో నలభైంటి నుంచి మళ్లీ ప్రతులు తీశారు.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. బొమ్మల చరిత్ర మనలాంటి వాళ్లకెందుకని మొదట్లో వెనకాడాం. తీరా చూస్తే దాని తాళంచెవి మన పదో తరగతి పుస్తకంలోనే ఉంది. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏ పాఠాన్నీ మార్కులతో సరిపెట్టకండి. అది ఎక్కడ పనికొస్తుందో అడగండి.