గ్యాస్ అని సరిపెట్టుకోకండి



మన ఓపీలో ఏ రోజు చూసినా ఎక్కువగా వినబడే మాట "సిస్టరమ్మా, గ్యాస్". నంద్యాల టౌను వారిదీ, సుమారు 40 కిలోమీటర్ల దూరం నుండి ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చేవారిదీ అదే మాట. కడుపు ఉబ్బరానికి గ్యాసే, త్రేన్పులకు గ్యాసే, ఛాతీ నొప్పికి గ్యాసే, చివరకు నడుము నొప్పికి కూడా గ్యాసే! ఒక్క పేరు చాటున ఇన్ని జబ్బులు దాగుతాయి కనుక ఈ నెల దీనిని గురించి తెలుసుకుందాం.

తిన్న ఆహారం జీర్ణాశయం నుండి చిన్నప్రేగులోకి వస్తుంది. దాని పొడవు సుమారు 6 మీటర్లు. మన ప్రేగులలో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. అవన్నీ చెడ్డవి కావు, కానీ వాటి చోటు పెద్దప్రేగు. చిన్నప్రేగులో చాలా తక్కువగానే ఉండాలి. అవి పెరగకుండా జీర్ణాశయంలోని ఆమ్లం చాలావరకు చంపుతుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకొకసారి ప్రేగులో ఒక కదలిక బయలుదేరి, చీపురుతో వాకిలి ఊడ్చినట్లు మిగిలినదంతా క్రిందికి నెట్టివేస్తుంది. రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉంటే ఈ ఊడ్పు సరిగా జరగదు.

ఈ కాపలా చెడితే బాక్టీరియా చిన్నప్రేగులోనే పెరిగిపోతుంది. మన అన్నాన్ని మనకంటే ముందు అదే తిని, పులియబెట్టి, గాలి పుట్టిస్తుంది. తిన్న కాసేపటికే పొట్ట డప్పులా అవుతుంది, గుడగుడమంటుంది, విరేచనాలు కావచ్చు. ముదిరితే బి12 విటమిన్‌ను కూడా అదే వాడుకుంటుంది. అప్పుడు నీరసం, కాళ్ల తిమ్మిర్లు మొదలవుతాయి. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారికి, ప్రేగు ఆపరేషన్ అయినవారికి, టీబీ వల్ల ప్రేగు ఇరుకైనవారికి, ముసలివారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునేవారికి కూడా ఆమ్లం తగ్గి ఇది రావచ్చు. అలాగని వాటిని రేపే మానేయకండి. ఒక్కసారి ఆపితే మంట ఎక్కువవుతుంది. గుండెకు ఆస్పిరిన్ వాడేవారికి డాక్టరుగారు కావాలనే వ్రాసి ఉండవచ్చు. అడిగి తగ్గించుకోవాలి.

దీనిని తెలుసుకోవడానికి గ్లూకోజు నీళ్లు త్రాగించి, కొద్దికొద్ది సేపటికి ఊపిరి పట్టి హైడ్రోజన్ కొలిచే పరీక్ష పెద్ద గ్యాస్ట్రో కేంద్రాలలో చేస్తారు. యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. అయితే ఏ మందు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పవలసిన మాట. బేదులకని షాపులో ఇచ్చే రెండు బిళ్లలతో పోయేది కాదు.

ఇక రెండవ రకం. ఎండోస్కోపీ బాగుంటుంది, స్కానింగ్ బాగుంటుంది, బాధ మాత్రం పోదు. ప్రేగుకు, మెదడుకు మధ్యనున్న నరాల సంబంధం తేడా చేసి, మామూలు గాలి కూడా నొప్పిగా తెలుస్తుంది. మూడు నెలలుగా వారానికి కనీసం ఒక రోజైనా కడుపు నొప్పి ఉండి, అది దొడ్డికి వెళ్లడంతో, అందులో వచ్చిన మార్పులతో ముడిపడి ఉంటే ఐబీఎస్ అని 2016 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. బాధ ఆరు నెలల క్రితమే మొదలై ఉండాలి. ఇంట్లోవారు "రిపోర్టులన్నీ బాగున్నాయిగా, ఊరికే అనుకుంటావు" అని కోడలిని కసురుకోవడం మేము వార్డులో విన్నాము. అది ఊహ కాదు. తిమోతికి కడుపు జబ్బు ఉందని పౌలు మొదటి పత్రిక 5వ అధ్యాయంలో వ్రాశాడు గాని, అతనిని తప్పు పట్టలేదు.

తిండి విషయంలో అందరికీ ఒకే పత్యం కుదరదు. మన వైపు శనగలు, అలసందలు, ఉల్లి, వెల్లుల్లి ఎక్కువ. గాలి పుట్టించేవి ముఖ్యంగా ఇవే. పాలు పడనివారికి పెరుగు పడవచ్చు. జొన్నరొట్టె చాలామందికి బాగానే పడుతుంది. ఈమధ్య అందరూ ఒక్కసారిగా కొర్రలకు మారుతున్నారు. కొర్రలు మంచివే, కాని పీచు ఒక్కసారిగా పెరిగితే పొట్ట ఉబ్బుతుంది, మెల్లగా పెంచాలి. రెండు వారాలు ఒకటి మాని చూసి, తేడా లేకపోతే మళ్లీ తినండి. అన్నీ మానేసి ఎండిపోవద్దు.

గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండకూడని సందర్భాలు ఉన్నాయి. ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగుతున్న నొప్పి ఉంటే సోడా త్రాగుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా కూడా వస్తుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కుడివైపు పొత్తికడుపు నొప్పి ఉంటే ప్రేగు టీబీ కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో దాని మందులు ఉచితం. మలంలో రక్తం, నల్లటి మలం, రక్తహీనత, నిద్రలేపే నొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ ఉన్నవారు కూడా ఆలస్యం చేయకూడదు.

ఓపీకి వచ్చేటప్పుడు వాడుతున్న బిళ్లల అట్టలన్నీ సంచిలో తెచ్చుకోండి, నాటుమందు అయితే అది కూడా. వారం రోజులు ఏమి తిన్నారో, ఎప్పుడు ఉబ్బిందో పిల్లలతో ఒక కాగితం మీద వ్రాయించి తెస్తే డాక్టరుగారికి సగం పని తగ్గుతుంది.