సొరచేప వయసు లెక్కపెట్టేదెలా?

చెట్టు మానును అడ్డంగా కోస్తే కనిపించే వలయాలను లెక్కపెట్టి దాని వయసు చెప్పవచ్చని మీ పిల్లలు చదువుకునే ఉంటారు. చేపలకూ ఇలాంటి లెక్కే ఉంది. ఎముకలున్న చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది. దాని మీద పొరలు చేరుతూ పోతాయి. సొరచేప దగ్గరికి వచ్చేసరికే చిక్కు. దాని అస్థిపంజరమంతా మృదులాస్థి, అంటే మన చెవి దొప్పలో ఉండే పదార్థమే. చెవిలోనూ ఇసుక రేణువుల్లాంటివి తప్ప రాయి ఉండదు.

ఇక మిగిలింది వెన్నుపూస. కాల్షియం చేరడం వల్ల అది కొంత గట్టిగా ఉంటుంది. చనిపోయిన సొర పూసను పలచగా కోసి మైక్రోస్కోపులో చూస్తే ముదురు పట్టీ, లేత పట్టీ జతలుగా కనిపిస్తాయి. జతకు ఒక ఏడాది అని లెక్క. అది ఏడాదేనని ఎలా తెలుసు? నా దృష్టిలో అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

ఒక పద్ధతిలో, పట్టిన సొర పొడవు కొలిచి, ఆక్సీటెట్రాసైక్లిన్ అనే మందు సూదితో ఇచ్చి, గుర్తు బిళ్ల తగిలించి వదిలేస్తారు. ఆ మందు అప్పుడు పెరుగుతున్న పొరలో చేరుతుంది. అతినీలలోహిత కాంతిలో ఆ పొర మెరుస్తుంది. రెండేళ్ల తర్వాత అదే సొర దొరికితే, మెరిసే గీత దాటి ఎన్ని జతలు వచ్చాయో చూస్తారు. ఎంత పొడవు పెరిగిందో కూడా తెలుస్తుంది. దొరికితే కదా!

రెండో పద్ధతికి ఆధారం అణుబాంబులంటే ఆశ్చర్యమే. 1950, 60 దశకాల్లో జరిగిన పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, సముద్రంలోకీ, జీవుల శరీరాల్లోకీ చేరింది. పూసలోని పట్టీల్లో అది పెరిగి తగ్గిన తీరును బట్టి ఏ పట్టీ ఏ కాలానిదో చెప్పవచ్చు.

ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అయిన తిమింగల సొర విషయంలో జతకు ఏడాదా, ఆరు నెలలా అన్న వాదన ఉండేది. పాకిస్తాన్, తైవాన్‌లలో దాచిన పూసలను ఇలా పరీక్షించి, ఏడాదేనని 2020లో తేల్చారు. ఒక సొర వయసు 50 ఏళ్లని తేలింది. ఆరు నెలల లెక్కన అదే 25 అయ్యేది. ఈ తేడా చిన్నది కాదు. త్వరగా ఎదిగి పిల్లలు పెట్టే జాతి అనుకుంటే, ఎంత పట్టినా మళ్లీ పుంజుకుంటుందని భ్రమపడతాం.

గ్రీన్‌లాండ్ సొర పూసల్లో పట్టీలే ఉండవు. అందుకే దాని కంటి కటకం మధ్యభాగాన్ని పరీక్షించారు. 2016లో ఒక ఆడ సొర వయసును సుమారు 392 ఏళ్లుగా అంచనా కట్టారు, 120 ఏళ్లు అటూఇటూగా.

ఇంట్లో చేయండి: రోహు చేప తెచ్చిన రోజు నాలుగు పెద్ద పొలుసులు కడిగి ఆరబెట్టి, పిల్లల చేత భూతద్దంతో వలయాలు చూపించండి. వాళ్లు వయసు చెప్పగానే, వలయానికి ఏడాది అని ఎలా రుజువు చేస్తారో అడగండి.