మొరాయించిన మ్యాక్‌ను లేపగలిగితే కొలువు దొరుకుతుంది

మదనపల్లెలోనో పుంగనూరులోనో డిగ్రీ చదివే కుర్రాళ్లకు పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు. నాలుగు వీడియోలు చూస్తే వచ్చేస్తుంది. అదే అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయి, యాపిల్ కంప్యూటర్ మ్యాక్ మినీ ఇక ఆన్ కాకుండా మొండికేస్తే? అక్కడ వీడియోలు చూసినవారు ఆగిపోతారు, పని తెలిసినవారు ముందుకొస్తారు.

2020 నవంబరులో యాపిల్ ఎం1 చిప్‌తో మ్యాక్‌లు తెచ్చాక మరమ్మతు పద్ధతే మారింది. ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని మేల్కొలిపే మూల సాఫ్ట్‌వేర్) దెబ్బతిన్న యంత్రాన్ని డీఎఫ్‌యూ అనే మరమ్మతు మోడ్‌లో పెట్టి, యూఎస్‌బీ-సీ కేబుల్‌తో ఇంకో మ్యాక్‌కు కలపాలి. కేబుల్ ఏ పోర్టులో పడితే ఆ పోర్టులో పెడితే కుదరదు, దీనికి కేటాయించినది ఒక్కటే. చాలామంది తడబడేది ఇక్కడే. ఆ రెండో మ్యాక్‌లో యాపిల్ కాన్ఫిగరేటర్ యాప్‌లోనూ, మ్యాక్‌ఓఎస్ సోనోమా నుంచి ఫైండర్‌లోనూ అప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. ‘రివైవ్’ ఫర్మ్‌వేర్‌ను బాగుచేస్తుంది, డేటా జోలికి పోదు. ‘రిస్టోర్’ అంతా తుడిచేసి ఓఎస్‌ను కొత్తగా వేస్తుంది. తొందరపడి రెండోది నొక్కితే కస్టమర్ పెళ్లి ఫొటోలూ, జీఎస్టీ లెక్కలూ గల్లంతే!

ఇందుకు వాడే ఐపీఎస్‌డబ్ల్యూ (యాపిల్ సాఫ్ట్‌వేర్) ఫైలు పది జీబీ దాటుతుంది. డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన పని అయిపోదు. యాపిల్ సర్వర్ ఆ ఫైలుకు, ఆ యంత్రానికి అనుమతి సంతకం ఇవ్వాలి. ఎవరో మార్చిన ఫైలు ఎక్కదు. రిస్టోర్ చేసినా యజమాని ఖాతాతో ముడిపడిన యాక్టివేషన్ లాక్ పోదు కాబట్టి, సెకండ్ హ్యాండ్ మ్యాక్ కొనేవారు పాత యజమాని ఖాతా తీయించారో లేదో ముందే చూసుకోవాలి.

విండోస్ వైపూ ఇంతే. బయాస్ పాడైన చాలా హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లను, రికవరీ ఫైలున్న పెన్‌డ్రైవ్ పెట్టి, విండోస్, బి కీలు నొక్కిపట్టి ఆన్ చేస్తే లేపవచ్చు. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌కు కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. విండోస్ ఐఎస్‌ఓ ఫైలు సరైనదో కాదో తెలుసుకునేందుకు ‘సర్ట్‌యుటిల్’ ఆదేశంతో హ్యాష్ (ఫైలు గుర్తింపు కోడ్) సరిచూడటం ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నే.

ఈ పనికి విలువేమిటో 2024 జులై 19న లోకమంతా చూసింది. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరతో నిలిచిపోయాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల పనులు కుంటుపడ్డాయి. చాలాచోట్ల ఒక్కో యంత్రం ముందు ఒక మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ అప్‌డేట్ ఫైలు తొలగించాల్సి వచ్చింది. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ దాచుకోని సంస్థలు మరింత ఇబ్బంది పడ్డాయి.

ఇలాంటి మనిషి అవసరం మన పల్లెలకూ ఉంది. చిత్తూరు జిల్లా కుప్పానికి కంప్యూటర్ కొత్త కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ (హెచ్‌పీ) రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ ప్రాజెక్టు మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు వెలిశాయి. సౌరశక్తితో నడిచే ప్రింటర్, డిజిటల్ కెమెరాలతో గ్రామీణ మహిళలు ఫొటోలు తీసి సంపాదించారు. యంత్రం పల్లెకు చేరితే చాలదు, చెడిపోయిన రోజున బాగుచేసే మనిషీ దగ్గర్లో ఉండాలి.

ఈ పని నేర్చుకునేందుకు పది పాసైనవారికి ఐటీఐలో ఏడాది ‘కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్’ ట్రేడ్ ఉంది. దీన్ని ‘కోపా’ (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్‌తో కలిపి చూడకూడదు. కోపాలో ప్రధానంగా సాఫ్ట్‌వేర్ వాడకమే. ఏ ఐటీఐలో ఏ ట్రేడ్ ఉందో అడ్మిషన్ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. డిప్లొమా, డిగ్రీ వాళ్లకు రెండు పరీక్షలున్న కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. ఫీజు భారమే కాబట్టి చిన్న కొలువులో చేరాక రాసినా తప్పులేదు. డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ ఇంజినీర్ పోస్టులకు బెంగళూరు పక్కనే ఉంది, కుప్పం నుంచైతే నేరుగా రైలుంది.

‘ఉద్యోగం గ్యారంటీ’ అని వేలు అడిగే కోర్సుల్లో చేరేముందు ఆ డబ్బులో కొంతతో ఒక పాత ల్యాప్‌టాప్ కొనండి. డేటా కాపీ తీయడం, ఫైలు సరిచూడటం, ఓఎస్ వేయడం, డ్రైవర్లు ఎక్కించడం అదే వరుసలో చేస్తూ ఏం చేశారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.