సాలు వెంట, సాలుకి అడ్డంగా

హైదరాబాద్,
కార్తీక శుద్ధ దశమి.

చిరంజీవి చిన్నాకి,
అక్క ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన ఆట మూడు రాత్రులు కూర్చుని ఆడాను. 2190 నాటి పల్నాడు, విత్తనాలన్నీ కంపెనీ గిడ్డంగిలో బందీ, వాటిని ఎత్తుకొచ్చేందుకు చీకటి పడ్డాక ఒక్కతే బయల్దేరిన పిల్ల. ఈ ఊహ నాకు చాలా నచ్చింది. తుపాకీ ఆట అనగానే అందరూ పాడుబడ్డ గ్రహాల మీదికి పోతారు. నువ్వు కారంపూడి పొలాలు తీసుకున్నావు. అందుకు ముందు నీ వీపు తట్టాలి.

రెండో రాత్రికి మాత్రం ఒక సంగతి బయటపడింది. నీ ఆటలో దాక్కోవడం ఉంది, దగ్గరికెళ్లి కొట్టడం ఉంది, దూరాన్నుంచి కాల్చడం ఉంది, మాటు వేసి చిక్కించుకోవడం ఉంది. నేను నాలుగు దశలూ ఒకే తీరున దాటేశాను. మాయమయ్యే మీట నొక్కడం, వెనకనుంచి పోయి కత్తి దించడం, అంతే. తుపాకీలో ఒక్క గుండు ఖర్చు కాలేదు. నెలల తరబడి కూర్చుని చేసిన ఆ తుపాకులు, ఆ మిరప్పొడి బాంబులు నేను ముట్టుకోనేలేదురా. వాటి అవసరం నాకు రానివ్వలేదు నువ్వు. ఈ ఉత్తరం మొత్తం దాని గురించే.

నేను ఇంటర్ చదివేటప్పుడు నరసరావుపేట నెట్ సెంటర్లో అబ్బాయిలందరూ కౌంటర్ స్ట్రైక్ మీద ఉంటే నేను మూల సిస్టంలో ప్రాజెక్ట్ ఐజీఐ ఆడేదాన్ని. నార్వే వాళ్లు, ఇన్నర్‌లూప్ అనే సంస్థ, 2000లో తెచ్చిన ఆట. అందులో దశ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. ముప్పావుగంట పాకి, కెమెరాలు తప్పించుకుని, చివర్లో ఒక్క అజాగ్రత్తకి చచ్చిపోతే మళ్లీ మొదటినుంచే. ఆ భయం వల్లే ఆ నిశ్శబ్దానికి విలువ వచ్చింది. లోపాలు లేవని కాదు. అలారం మోగిందంటే బ్యారక్‌లోంచి మనుషులు పుడుతూనే ఉండేవాళ్లు, ఎంతమందిని పడగొట్టినా. అయినా ఆ ఆట చేతికి ఓపిక నేర్పింది. సేవ్ తీసేయమని నీకు చెప్పను, ఇప్పటివాళ్లకి అంత తీరిక లేదు. పట్టుబడితే ఏదో ఒకటి పోవాలి, అంతవరకు తీసుకో.

2007లో వచ్చిన క్రైసిస్ ఈ లెక్కని చక్కగా కట్టింది. అందులో వీరుడి కవచానికి ఉన్నది ఒకటే శక్తి తొట్టి. మాయమవ్వాలన్నా, గుండు తట్టుకోవాలన్నా, వేగంగా పరుగెత్తాలన్నా అందులోంచే తోడుకోవాలి. కనిపించకుండా ఉండి కాల్చావో, తొట్టి ఒక్కసారిగా ఖాళీ అయి నడివీధిలో నిలబడినట్టు బయటపడతావు. నీ ఆటలో మాయానికి ఒక కొలత, కత్తికి ఇంకో కొలత, పరుగుకి వేరే కొలత పెట్టావు. మూడు బావులు తవ్వావన్నమాట. ఒకే బావిలో నీళ్లు మూడు చేలకీ పారాలంటేనే రైతు ఏ చేను తడపాలా అని ఆలోచిస్తాడు. ఈ ఒక్కటి మార్చు, సగం ఆట బాగుపడుతుంది.

దగ్గరి పోరు గురించి. కత్తి ఒక్క వేటుకి ఎవరినైనా చంపేస్తుంటే అది పోరు కాదు, తాళం తీసినట్టు. 2001 నాటి హేలోలో వెనకనుంచి కొడితే ఒకే దెబ్బ, ఎదురుగా కొడితే అలా కాదు. అక్కడ నిలబడే దిక్కుకి విలువుంది. 2016 డూమ్ ఇంకో దారి పట్టింది. ప్రాణం తగ్గిపోతుంటే పారిపోకుండా తడబడుతున్న రాక్షసుడి మీదికే దూకాలి, వాణ్ణి చేతులతో ముగిస్తే ప్రాణం తిరిగొస్తుంది. భయపడ్డ చోటే ముందుకు తోస్తుంది ఆ ఆట. నీ పిల్లది దొంగ పని కాబట్టి హేలో పాఠమే నప్పుతుందని నా అభిప్రాయం.

తాతయ్య కర్రసాము నేర్పిన రోజులు నీకు తెలీవు, నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. నెలరోజులు మా చేతికి కర్ర ఇవ్వలేదాయన. అడుగు నేర్పారు. కర్ర పొడవెంతో అంత దూరం కాళ్లకి తెలియాలి, చేతిది తర్వాత అనేవారు. నీ ఆటలో కత్తికీ బల్లేనికీ ఉన్న తేడా దెబ్బ బలంలో మాత్రమే ఉంది. దూరంలో పెట్టు. బల్లెం పొడవు వల్ల ముందు తగులుతుంది, కానీ పత్తి చేలో తిప్పలేవు, కొమ్మలకి చిక్కుకుంటుంది. కత్తి చేలో తిరుగుతుంది, కానీ శత్రువు ఊపిరి తగిలేంత దగ్గరికి పోవాలి.

ఇక చేను దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ బాధ కలిగింది ఇక్కడే, ఎందుకంటే నీకు తెలిసిందే నువ్వు వదిలేశావు. నీ ఆటలో పత్తి చేను పచ్చటి గోడలా ఉంది. లోపలికి దూరితే చాలు, ఎవరికీ కనిపించం. మన చేను అట్లా ఉంటుందా? పత్తి సాళ్లలో ఉంటుంది కదరా. సాలు వెంట నడిస్తే చప్పుడుండదు, కానీ గట్టు మీద నిలబడ్డవాడికి ఆ చివరిదాకా కనబడతావు. సాళ్లకి అడ్డంగా పోతే కనబడవు, కొమ్మలు విరిగి ఊరంతా వినబడతావు. కన్ను కావాలా చెవి కావాలా తేల్చుకోమని చేనే అడుగుతుంది. ప్రపంచంలో ఏ స్టూడియో కూర్చుని గీసినా ఇంతకంటే మంచి రంగస్థలం రాదు. పత్తి ఈ నెలకి రొమ్ము ఎత్తు, మిరప నడుమెత్తు. మిరపతోటలో వంగి నడవాల్సిందే. తీతలు అయిపోయాక పత్తి కట్టె ఎండి, కాలు తగిలితే చిటపటమంటుంది.

నేల కూడా అంతే. మన నల్లరేగడి వానకి తడిస్తే చెప్పుకి అంటుకుని అడుగడుక్కీ బరువెక్కుతుంది, అడుగు జాడ మర్నాటిదాకా ఉంటుంది. ఎండాకాలం నెర్రెలిచ్చి కాలు మడతపడుతుంది. నీ నాలుగు దశల్లోనూ నేల ఒకటే చప్పుడు చేస్తోంది, సిమెంటు మీద నడిచినట్టు.

జొన్నచేలో మంచె పెట్టావు, దాని మీద దూరపు తుపాకీ పెట్టావు, బాగుంది. మంచె మీద వడిసెల తిప్పే మనిషిని గుర్తు తెచ్చుకో. రాయి విసరాలంటే లేచి నిలబడాలి. నిలబడితే చేనంతా ఆయన్ని చూస్తుంది. మంచెక్కినవాడికి ఎత్తు ఇవ్వు, దాపు తీసెయ్.

రాత్రిపూటే ఎందుకు నడిపావు ఆట మొత్తాన్ని? కంపెనీ డ్రోన్లు ఒంటి వేడిని పసిగడతాయి అన్నావు. అలాంటప్పుడు రాత్రి చల్లబడ్డ నేల మీద పిల్ల దీపంలా కనబడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో పొద్దెక్కే వేళ మిరప కల్లం మీదికి తీసుకురా. నేల కాగి ఒంటితో సమానమయ్యే ఆ వేళ వేడిని చూసే కన్నుకి మనిషెవరో నేలేదో విడదీయడం కష్టం. ఎర్రటి కాయల నడుమ పట్టపగలు దాక్కోవడం! అక్కణ్ణుంచి మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలోకి దూరితే లెక్క తిరగబడుతుంది. ఆ చలిలో ఊపిరి కూడా పట్టిస్తుంది. ఒకే పిల్ల, ఒకే శత్రువు, రెండు చోట్లు, రెండు ఆటలు.

మిరప్పొడి బాంబు వాడనందుకు నాకే బాధేసింది. మన డీఆర్‌డీవో ఈశాన్యపు భూత్ జొలోకియా మిరపతో నిజంగానే గ్రెనేడ్ చేసింది తెలుసా? గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య పది నిమిషాలు నిలబడ్డవాడికి దాని బలం వేరే చెప్పక్కర్లేదు. నీ వివరణ ప్రకారం అది మనుషుల్నీ డ్రోన్లనీ ఒకేలా పడగొడుతుంది. యంత్రానికి ఘాటేమిటి? మనుషుల మీదే పనిచెయ్యనీ. దగ్గుతూ వాళ్ల చోటు వాళ్లే బయటపెట్టుకుంటారు. గాలి ఎదురుగా ఉంటే మన పిల్లా దగ్గాలి. డ్రోన్లకి జిన్నింగ్ మిల్లు దూది ఉండనే ఉంది, రెక్కలకి చుట్టుకోవడానికి.

ఇంకోటి, ఇది జాగ్రత్తగా విను. నీ శత్రువుల్లోనూ కనిపించకుండా తిరిగేవాళ్లున్నారు కదా, వాళ్ల చేతిలో నేను ఏడుసార్లు చచ్చాను. ఒక్కసారీ ఎందుకు చచ్చానో తెలియలేదు. నాన్న గులాబీ రంగు పురుగుని ఎలా పడతారో ఆలోచించు. అది కాయలోకి దూరాక రంధ్రం పూడిపోతుంది, పైకి కాయ నిగనిగలాడుతూ ఉంటుంది. కానీ నాన్న పూత దశలోనే గుడ్డిపూలు చూసి చెప్పేస్తారు, రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న పువ్వు కనబడితే లోపల పురుగుందని. దాగినవాడు ఎంత దాగినా ఒక గుడ్డిపువ్వు ఉండాలి. గాలి లేకుండానే ఊగిన కొమ్మ, లేచిపోయిన కొంగ, తడి నేలలో జాడ. ఆడేవాడు చచ్చాక, అయ్యో, చూసి కూడా పట్టించుకోలేదే అనుకోవాలి. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు పడ్డప్పుడు మందు అందని పువ్వు లోపల అది దాక్కుంటే ఊరు ఊరంతా నష్టపోయింది. చూపుకి చిక్కని శత్రువంటే ఏమిటో మన ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తెలివిడి నీ ఆటలోకి రావాలి.

కావలివాళ్లని మాట్లాడించు కూడా. 2005 నాటి ఫియర్ ఆటలో సైనికులు ఏం చేయబోతున్నారో అరుచుకుంటూ చేస్తారు, అందుకే వాళ్లు అంత తెలివైనవాళ్లుగా తోస్తారు. "ఎవుడ్రా చేలో?", "కుడిపక్క సాలు చూడరా" అని మనవాళ్ల గొంతుతో వినబడితే, ఆడేవాడు వాళ్లని మోసం చేసే దారి వెతుక్కుంటాడు.

చివరిగా, చంపకుండా గెలిచే దారి. 2000లో వచ్చిన డ్యూస్ ఎక్స్‌లో మొదటి రేవు దగ్గరే అన్న తమ్ముణ్ణి కలిసి మూడు ఆయుధాలు చూపించి ఒకటి ఎంచుకోమంటాడు, అనవసరంగా ప్రాణాలు తియ్యొద్దని చెబుతాడు. తర్వాత నువ్వెలా నడుచుకున్నావో గమనించి కొందరు మెచ్చుకుంటారు, కొందరు ముఖం చిట్లిస్తారు. అది ఆడిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నీ గిడ్డంగి కావలివాళ్లు ఎవరు? ఆ ఊరివాళ్లే కదా, జీతానికి కుదిరినవాళ్లు. వాళ్లలో ఒకణ్ణి చంపితే మర్నాడు ఊళ్లో ఎవరింట్లోనో ఏడుపు వినబడాలి. మన కారంపూడి వీర్లగుడి తిరునాళ్ల వరస చూడు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పోరు అనే మాట రాకముందే రాయబారం ఉంది. పల్నాటి కథలో రాయబారిగా వెళ్లిన అలరాజు తిరిగి రాలేదు, అది వేరే మాట. అడిగి చూసే అవకాశమన్నా ఉంది. నీ ఆటలో ఆ పిల్లకి నోరే లేదు.

తిరునాళ్లకి, అమావాస్యకి నేను ఇంటికొస్తున్నాను. మంచి మైకు ఒకటి తెస్తున్నా. ఆయుధాలు ఊరేగించేటప్పుడు ఆ ఇనుము చప్పుడు పట్టుకుందాం. మర్నాడు తెల్లారకముందే పత్తి చేలోకి పోదాం, నువ్వు సాలు వెంట నడువు, నేను అడ్డంగా నడుస్తాను, నాన్నని గట్టు మీద నిలబెట్టి ఎవరు ముందు దొరికారో అడుగుదాం. ఆలోపు ఆ మూడు కొలతల్నీ ఒకటి చేసి కొత్త కూర్పు పంపు.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

మీ అక్క