వాళ్లకు నా పేరు తెలుసు

డిసెంబరు 28, రాత్రి పది దాటింది. కెనడాకు తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ దీవి, అక్కడ కన్సెప్షన్ బే ఒడ్డున ఓ చిన్న చేపల రేవు. మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్లారు. బయట మోకాలి లోతు మంచు, సముద్రం మీంచి హోరుగాలి. తలుపు మీద దబదబా బాదిన చప్పుడు.

కిటికీ తెర తొలగించి చూశాను. మెట్ల మీద నలుగురు. ఒక్కరికీ మొహం లేదు. ఇద్దరి తలలకు దిండు గలేబులు, కళ్ల దగ్గర కన్నాలు. ఒకరి ముఖం మీద లేసు తెర. నాలుగో మనిషి భారీ ఆకారం, ఒంటి మీద ఆడవాళ్ల నైటీ, వీపున గూని, రబ్బరు బూట్లు కుడి ఎడమలు మార్చి తొడుక్కున్నాడు. ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడిన ఒక గొంతు అడిగింది: “మమ్మర్లను లోపలికి రానిస్తారా?”

నా కాళ్లలో సత్తువ పోయింది. గొళ్లెం మరోసారి తడిమి చూసుకుని, పై వాటాలో ఉండే ఇంటావిడకు ఫోన్ చేశాను. “భయపడకు మై లవ్, నేను దిగి వస్తున్నా” అంది. డెబ్బై ఏళ్ల మనిషి ఆమె. అక్కడి పెద్దవాళ్లు అందరినీ అలాగే పిలుస్తారు.

ఆ ఫోన్ చేసినందుకు నేనెప్పుడూ నొచ్చుకోలేదు. అర్ధరాత్రి ముసుగు మనుషులకు ఆలోచించకుండా తలుపు తీయడం ధైర్యం అనిపించుకోదు. ఆ సంగతి ఆ ఊళ్లవాళ్లకూ తెలుసు. 1860 డిసెంబరులో అదే తీరంలోని బే రాబర్ట్స్‌లో ఐజాక్ మెర్సర్ అనే ఆయన్ని ముసుగు వేసుకున్నవాళ్లు కొట్టి చంపారు. మరుసటి ఏడు, 1861లో, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా మారువేషంలో తిరగకూడదని చట్టం వచ్చింది. అయినా ఊళ్లు మమ్మర్లనే ఈ వేషగాళ్ల ఆచారాన్ని వదల్లేదు. క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరి 6 దాకా రాత్రిళ్లు వేషాలు కట్టి ఇంటింటికీ వెళ్లేవాళ్లు. రాజధాని సెయింట్ జాన్స్‌లో 2009 నుంచి దీనికి ఉత్సవమే జరుపుతున్నారు.

ఇంటావిడ వచ్చాక తలుపు తీశాం. వాళ్లు బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చి, పాట లేకుండానే గంతులేశారు. అప్పుడు తెలిసింది ఆట నియమం: ముసుగులో ఎవరున్నారో ఇంటివాళ్లు చెప్పాలి, చెప్పగానే ముసుగు తీసేయాలి. చేతులు చూసి పోల్చుకోకుండా ఉన్ని తొడుగులు, గొంతు పట్టుబడకుండా ఆ ఎదురు ఊపిరి మాటలు. ఇంటావిడ ఒకణ్ణి నిలబడ్డ తీరుతో పట్టేసింది. ఇంకొకామెను నవ్వు ఆపుకునేటప్పుడు భుజాలు కదిలిన తీరుతో. “మిగతా ఇద్దరూ నీ వంతు” అంది.

నేను చెప్పలేకపోయాను. చూసి చూసి వాళ్లే ముసుగులు ఎత్తేశారు. ఒకామె, నేను ప్రతి శనివారం సరుకులు కొనే దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే మనిషి. నైటీలో ఉన్నాయన, తెల్లారేసరికి మా వాకిట్లో మంచు తీసి పోయేవాడు. ఆ మంచు తీసేది మున్సిపాలిటీ అనుకుంటూ వచ్చాను. ఆ ఊళ్లో అప్పటికి పద్నాలుగు నెలలు గడిచాయి. ఆయన చేయి చాచి నన్ను పేరు పెట్టి పలకరించాడు. మా ఆఫీసులోవాళ్లు ఈనాటికీ తప్పు పలికే నా పేరును ఒత్తు పోకుండా అన్నాడు.

టీ కాచి, పండక్కని చేసుకున్న జంతికలు పెట్టాను. వాళ్లు వెళ్లాక ఇంటావిడ అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు: “తెలియని ఇళ్లకు మమ్మర్లు వెళ్లరు.”

ఆ ఊరి గడియారానికీ మన గడియారానికీ చలికాలంలో సరిగ్గా తొమ్మిది గంటల తేడా. అమ్మకు ఫోన్ చేసేసరికి ఇంటి దగ్గర ఉదయం ఎనిమిదిన్నర, ధనుర్మాసం. బుడబుక్కలవాడు చీకటితోనే వచ్చి వెళ్లాడట, బియ్యం వేసిందట. నా కథంతా విని, “ఇంతకీ వాళ్ల పేర్లేమిటే?” అంది. దగ్గును బట్టి, చెప్పుల చప్పుడును బట్టి వీధిలో పోయేది ఎవరో లోపల్నుంచే చెప్పే మనిషి ఆమె. ఆ ఇంట్లో పెరిగిన నేను, వారం వారం నా చేతిలో చిల్లర పెట్టే మనిషి పేరు చెప్పలేకపోయాను.

పరాయి దేశంలో మనం భయాన్ని మర్యాదగా మార్చుకుంటాం. తల వంచుకు నడుస్తాం, మన పని మనం చూసుకుంటాం, ఎవరికీ ఇబ్బంది కలిగించడం లేదని తృప్తిపడతాం. ఉచ్చారణ దిద్దుకోవడానికి, ఇంటర్వ్యూలకు, ఆత్మవిశ్వాసం పెంచుకోవడానికి నేను డబ్బు కట్టి తరగతులకు వెళ్లాను. అవన్నీ ఎదుటివాళ్లకు నేనెలా కనిపిస్తానన్న దాని గురించే. ఎదుటివాళ్లు నాకు ఎలా కనిపిస్తున్నారో ఒక్కనాడూ నేర్చుకోలేదు. నా బెరుకు పోయింది ఆ తరగతుల వల్ల కాదు, కళ్లు ఎత్తి చూడటం మొదలుపెట్టాక. మనిషి నడక, చేతుల తీరు, ఏ మాట దగ్గర ఆగుతాడో గమనిస్తుంటే, నేనెలా ఉన్నానోనన్న బెంగకు మనసులో చోటుండదు. మొదట్లో కష్టంగానే ఉండేది. పేరు అడగడానికి సిగ్గు, మళ్లీ అడగడానికి ఇంకా సిగ్గు. అయినా అడిగాను. రోజుకొకరి పేరు, వాళ్ల గురించి ఒక్క సంగతి, పడుకునే ముందు గుర్తు చేసుకునేదాన్ని. తపాలా ఆవిడకు ఎడమ మోకాలు నొప్పి, మెట్లు దిగేటప్పుడు ముందు కుడికాలు వేయదు. కౌంటరు ఆవిడ లెక్క చూసేటప్పుడు పెదవి కొరుక్కుంటుంది. మంచు తీసే ఆయన 1992లో కాడ్ చేపల వేట ఆపించేసినప్పుడు పడవ అమ్ముకున్నాడు. ఇప్పటికీ నేల మీద నిలబడ్డా, పడవలో ఉన్నట్టు కాళ్లు ఎడం పెట్టి నిలబడతాడు.

మరుసటి ఏడు జనవరి 3న మళ్లీ తలుపు దబదబలాడింది. కిటికీలోంచి చూశాను. ఈసారి ముగ్గురు. ముందున్న మనిషి తలకు పూల గలేబు, ఒంటికి గౌను, వీపు మీద దిండు. గాలి గట్టిగా వీస్తోంది, మిగతా ఇద్దరూ ఊగిపోతున్నారు. ఆ గౌను మనిషి మాత్రం కాళ్లు ఎడం పెట్టి కదలకుండా నిలబడ్డాడు.

తలుపు తీసి, గుమ్మంలోనే పేరు పెట్టి పిలిచాను.