అంబాసిడర్ అలిగిన రాత్రి

2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. కోరుకొండలోని మా పెట్రోలు బండి మాత్రం వానాకాలంలోనే ఆగుతుంది! నిరుడు శ్రావణంలో, అర్ధరాత్రి, మామ్మకి ఆయాసం. రాజమండ్రి వెళ్ళాలి. ఇంజను తిరుగుతోంది గాని అంటుకోదు. “పెట్రోలు అందడం లేదురా” అంటూ నాన్నగారు సెల్ఫు కొడుతూనే ఉన్నారు. బ్యాటరీ దిగిపోతే ఇక తోసుడే గదా!

ఇంజను తిరుగుతున్నదంటే బ్యాటరీలో ఇంకా బలమున్నట్లే. కనుక ముందు నిప్పురవ్వను చూడాలి. ఒక ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి సెల్ఫు కొట్టించాను (వైరును చేత్తో పట్టుకోలేదు సుమా!). రవ్వ లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపలంతా చెమ్మ. కాయిల్ పుట్టించే వేల వోల్టుల విద్యుత్తు ఆ చెమ్మ వెంబడే జారిపోతుంది, ప్లగ్గు దాకా రాదు. పొడిగుడ్డతో తుడిచాను. అప్పటికీ రాకుంటే పాయింట్ల ఎడం చూడాలి, సుమారు 0.4 మి.మీ. ఉండాలి. ఆ అవసరం పడలేదు. రెండో సెల్ఫుకే అందుకుంది.

మామ్మ తేరుకుంది. నాన్నగారు మాత్రం ఇప్పటికీ పెట్రోలుదే తప్పంటారు.