గని ఒకటే, పరిశోధనలు వేరు

ప్రశ్న: మా అమ్మాయి మైనింగ్ ఎంటెక్ చేసింది. పీహెచ్‌డీకి తగిన గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి? – సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: ఒకే శాఖలో ఉన్నా ఆచార్యుల పరిశోధనాంశాలు వేరువేరుగా ఉంటాయి. బొగ్గుబాయి పైకప్పు కూలకుండా చూడటం ఒకరి రంగమైతే, లోపలికి గాలి సరఫరా, మీథేన్ నియంత్రణ మరొకరివి. ఓపెన్‌కాస్టు పేలుళ్ల ప్రకంపనలు ఇంకొకరివి. అందుకే విశ్వవిద్యాలయం పేరు కన్నా అంశం కుదరడం ముఖ్యం.

ముందుగా ఆసక్తి ఉన్న అంశాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవాలి. 1978లో కొత్తగూడెం మైనింగ్ కళాశాలగా మొదలై, 2025లో విశ్వవిద్యాలయంగా మారిన సంస్థ వంటి చోట్ల అధ్యాపకుల జాబితా చూడాలి. వారి పర్యవేక్షణలో వచ్చిన సిద్ధాంత గ్రంథాలను శోధగంగ వెబ్‌సైట్‌లో, ఇటీవలి పరిశోధన వ్యాసాలను గూగుల్ స్కాలర్‌లో వెతకాలి. అంశం కలిసిన ఇద్దరు ముగ్గురికి క్లుప్తంగా ఈమెయిల్ రాయాలి.

ఖాళీలు, ప్రవేశ పరీక్ష, ఫెలోషిప్‌లపై సందేహముంటే దరఖాస్తు గడువుకు ముందే శాఖాధిపతిని నేరుగా కలవాలి.